తను బిగించిన జాయింటు

మీటింగుకి వచ్చినవాళ్లు తాగి వదిలేసిన టీ కప్పులు సింకులో కడుగుతుంటే మేనేజరు వెనక వచ్చి నిలబడి, "మీ అత్తగారి మోకాలు ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. "పర్లేదు సార్" అంది. అతను తలాడించి వెళ్లిపోయాడు. ఆమె మాత్రం కొళాయి కట్టెయ్యడం మరిచి, కప్పు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అత్తగారికి మోకాళ్లున్న సంగతే తను ఈ కంపెనీలో ఎవరితోనూ అనలేదు.

ముందు తననే అనుమానించుకుంది. ఏ మాటల సందులోనో నోరు జారానేమో అనుకుంది. అది ఆమెకి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇంట్లో పాలు విరిగినా ముందు తన చేతుల వంకే చూసుకుంటుంది. కానీ ఎంత వెనక్కి వెళ్లి వెతికినా ఆ మాట దొరకలేదు. పైగా మోకాలు ఒక్కటే కాదు. పోయిన వారం "రాత్రి నిద్ర పట్టలేదటగా" అన్నాడు. అంతకుముందు "ఇంటిపని, ఈ పని, రెండూ లాగడం కష్టమే తల్లీ" అన్నాడు. అవన్నీ జాలిమాటలని అప్పుడు సంతోషపడింది కూడా. ఇప్పుడు వాటినన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరో తన ఇంటి కిటికీ దగ్గర నిలబడి లోపల జరిగేదంతా ఈయన చెవిలో వేస్తున్నట్టుంది.

ఆమె యూనివర్సిటీలో ఫిజిక్సు చదువుతోంది. నాలుగేళ్ల కోర్సు. మూడో ఏడు క్లాసులుండవు, ఏదైనా కంపెనీలో చేరి పని నేర్చుకోవాలి. మధ్యలో యూనివర్సిటీ నుంచి ట్యూటరు మేడమ్ వస్తుంది. పక్కన నిలబడి, ఏదీ చేసి చూపించు అంటుంది. చెయ్యి తిరిగిందని ఆమెకి అనిపిస్తే ఆ ఏడు లెక్కలోకి వస్తుంది. లేకపోతే మేనేజరు ఎన్ని సంతకాలు పెట్టినా రాదు, చదువు అక్కడికి ఆగిపోతుంది. మేడమ్ వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఈమె చేతికి మాత్రం కప్పులూ, అట్టపెట్టెల మీద అంటించే లేబుళ్లూ తప్ప ఇంకేమీ తగలడం లేదు.

మొదట్లో అలా లేదు. ఆ కంపెనీ పెద్ద పెద్ద స్టీలు డ్రమ్ములు తయారుచేస్తుంది. వాటిలోంచి గాలి మొత్తం లాగేస్తారు. ఎక్కడా వెంట్రుకవాసి సందు కూడా ఉండకూడదు. సందు ఉందో లేదో చూడటానికి బయటినుంచి ఒక్కొక్క జాయింటు మీదా సన్నటి గొట్టంతో హీలియం వదులుతారు. సందు ఉంటే ఆ గ్యాసు లోపలికి దూరుతుంది, పంపు పక్కనున్న మీటరులో అంకె లేస్తుంది. ఆ పని ఆమెకి నేర్పింది మేనేజరే. "పైనుంచి మొదలుపెట్టు. హీలియం పైకి పోయే రకం. కిందినుంచి మొదలుపెడితే పైనున్న సందులో దూరి నిన్ను మోసం చేస్తుంది. ఒక జాయింటు మీద వదిలి ఆగు. మీటరు చూడు. తొందరపడి అన్నిటిమీదా కొట్టావనుకో, దొంగ ఉన్నాడని తెలుస్తుంది గానీ ఎవడో తెలియదు" అనేవాడు. మంచి మేష్టరు. ఆమె చేసిన పెద్ద తప్పు కూడా ఆయనే పట్టుకున్నాడు. ఒకసారి డ్రమ్ములో సందు ఎక్కడుందో దొరక్క పొద్దుటినుంచీ వెతికింది. ఒక్క జాయింటు తప్ప అన్నీ చూసింది. ఆ ఒక్కటీ ఎందుకు చూడలేదని అడిగితే, "అది నేనే బిగించాను సార్" అంది. ఆయన పడీపడీ నవ్వాడు. "ఈ పనిలో అందరం చేసే తప్పే ఇది. ఎవడు బిగించింది వాడికి గట్టిగానే కనిపిస్తుంది. ముందు దాన్నే అనుమానించాలి" అన్నాడు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి మెత్తబడిపోయాడు. తిట్టలేదు, తప్పు పట్టలేదు. "ఆ సిలిండర్లవీ నువ్వు కదపకులే తల్లీ" అన్నాడు. తర్వాత టెస్టు గది తాళం వేరే కుర్రాళ్లకి ఇచ్చాడు. తర్వాత లేబుళ్లు. తర్వాత కప్పులు. కసురుకుంటే ఎదురు తిరగొచ్చు. తల్లీ అంటూ తాళం లాక్కుంటే ఏమని తిరగబడాలో ఆమెకి తెలియలేదు.

ఇంట్లోంచే పోతున్నాయి మాటలు. అక్కడివరకూ తేలిపోయింది. ఇక ఎవరన్నదే. మొదటి అనుమానం ఎవరికైనా అత్తగారి మీదే వస్తుంది. ఆవిడ మాట అలాంటిది. వచ్చిపోయే వాళ్లందరితో, "మా కోడలు సైంటిస్టండీ. పాలు పొంగబెడుతుంది, ఎందుకు పొంగాయో కూడా చెబుతుంది" అంటుంది. "పెళ్లయ్యాక కూడా బ్యాగు తగిలించుకుని కాలేజీకి పోయే కోడల్ని మా వంశంలో నేనే మొదట చూడటం" అంటుంది. పైగా ఇంట్లో అందరికంటే పైన ఉండేది ఆవిడే. పైనుంచే మొదలుపెడదామనుకుంది.

కూరగాయలు తరుగుతూ, "అత్తయ్యా, అక్కడ క్యాంటీను కాఫీ నాకు పడట్లేదు. కడుపులో మంట" అంది. అబద్ధమే. అత్తగారు తల ఎత్తకుండా, "పడకపోతే మానెయ్. కాఫీ మానడానికి కూడా యూనివర్సిటీలో పాఠం చెప్పాలా?" అంది. మర్నాడు ఆమె బ్యాగులో సీసాడు చల్లటి పాలున్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఆమె మీటరు చూసినట్టు మేనేజరు ముఖం చూస్తూ రోజులు గడిపింది. కాఫీ మాట రాలేదు, మంట మాటా రాలేదు.

తర్వాత ఆడపడుచు. సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది, పొద్దస్తమానం ఎవరితోనో ఒకరితో మాట్లాడుతూనే ఉంటుంది. ఆ పిల్లతో, "బస్సులో నిలబడి వస్తుంటే కళ్లు తిరుగుతున్నాయే" అంది. "నీకు కళ్లు తిరిగితే ఇల్లే తిరుగుతుంది వదినా. నువ్వు పడిపోతే వంట నా నెత్తిన పడుతుంది, దయచేసి కూర్చుని రా" అంది ఆ పిల్ల. మళ్లీ ఆగింది. మళ్లీ చూసింది. కంపెనీలో బస్సు మాట కూడా రాలేదు.

ఇక ఎవరూ మిగల్లేదనుకుంది. అంటే తనకే పిచ్చి పట్టిందనుకుంది. ఆ సాయంత్రం భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, కాలర్ మీద పెట్టె ఆనించి, అక్కడే ఆగింది. మిగలకపోవడమేమిటి? ఈ చొక్కా ఎవరిది? ఇన్నాళ్లూ తన లెక్కలోకి ఈ మనిషి రానేలేదు. 

భర్త స్కూల్లో లెక్కలు చెబుతాడు. పెళ్లికి ముందు ఆమెకీ ఆయనే ట్యూషను చెప్పాడు. అప్పటి పిలుపే ఇంకా ఉండిపోయింది, మాస్టారూ అంటుంది. పుట్టింట్లో అందరూ వద్దన్నా ఏరికోరి చేసుకుంది. డిగ్రీలో చేరతానంటే మాస్టారు ఒక్కమాట అడ్డు చెప్పలేదు. ఎవరు కనిపించినా, "నేనే చదివిస్తున్నాను" అనేవారు. పక్కనే ఉన్న ఆమె వైపు జనం చూసేవారు, అదృష్టవంతురాలివమ్మా అనేవారు. ఆమె నవ్వేది. పొద్దున్నే లేచి అందరికీ వండి, గిన్నెలు తోమి, నిలబడే నాలుగు ముద్దలు తిని బస్సెక్కేది తను. పరీక్ష రాసేది తను. చదివించేది మాత్రం ఆయన. ఆ మాటలో ఏదో నలుసు ఉందని అప్పుడప్పుడూ అనిపించేది. నలుసుకోసం కన్ను తీసేసుకుంటామా అని సర్దుకునేది. కంపెనీలో చేరిన మొదటిరోజు స్కూటరు మీద దింపి, లోపలిదాకా వచ్చి, మేనేజరుతో చేతులు కలిపి ఫోన్ నెంబరు తీసుకున్నారు. అదీ బాగుందనే అనుకుంది.

ఇంట్లోవాళ్లని శంకించడానికి ఆమెకి సిగ్గనిపించలేదు. ఈయన్ని శంకించడానికి మాత్రం సిగ్గేసింది. ఇస్త్రీ అయిన చొక్కా హ్యాంగరుకి తగిలించి, వెళ్లి ఆయన పక్కన కూర్చుని, "మాస్టారూ, లేబుళ్లు రాసీ రాసీ కుడి భుజం లాగేస్తోంది" అంది. ఆయన దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టారు. "అయ్యో, చెప్పవేం?" అన్నారు. భుజం మీద చెయ్యి వేసి మెల్లగా ఒత్తారు. ఆ చెయ్యి ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. అబద్ధం అయితే బాగుండు, ఈ అనుమానం, అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మేనేజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "భుజం ఎలా ఉంది తల్లీ? ఆ లేబుళ్లు కూడా వద్దులే. కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండు. హాజరు నేను చూసుకుంటాను."

ఆమె కలం మూత పెట్టింది. "నా భుజం సంగతి మీకెవరు చెప్పారు సార్?"

అతనికి దాచాలన్న ఆలోచనే లేదు. "ఇంకెవరు, మీ ఆయనే. రోజూ ఫోన్ చేస్తాడు. అలాంటి మొగుడు ఎందరికి దొరుకుతాడమ్మా? నువ్వు మొహమాటానికి కాదనలేవట. బరువు పనులు వద్దని నువ్వే చెప్పమన్నావన్నాడు. పాపం అత్తగారి మోకాలు కూడా..."

నువ్వే చెప్పమన్నావన్నాడు. మిగతావన్నీ ఆమె వినలేదు. అత్తగారి మోకాలు ఎప్పుడో తగ్గింది, ఆవిడ సంచీ పట్టుకుని మార్కెట్టుకి నడిచి వెళ్లొస్తోంది. ఆ సంగతి ఇంట్లో తెలియని మనిషి ఒక్కడే. అది ముందే తట్టాల్సింది. ఆ ఒక్కడే రోజూ ఫోన్ తీసి, తన గొంతుతో తనకి ఏం వద్దో చెబుతున్నాడు.

"నా భుజానికేం కాలేదు సార్. అబద్ధం చెప్పాను."

"ఎందుకమ్మా?"

"మీరు నేర్పిన పద్ధతే. ఒక్కొక్క జాయింటే చూశాను. నేను బిగించింది చివర చూశాను, అదే తప్పు."

మేనేజరుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇది మీ ఇంటి గొడవ. నన్ను మధ్యలోకి లాగకు" అన్నాడు.

"మీరు మధ్యలోనే ఉన్నారు సార్."

"సరేలే, మీ ఆయన్ని ఒక్కమాట అడిగి..."

"ఆయన్ని అడిగితే ఆయన మాటే వస్తుంది. మేడమ్ వచ్చి నన్ను చేసి చూపించమంటే నా చెయ్యి తిరగదు. ఈ కంపెనీలో ఏం నేర్పారు అని నన్ను కాదు, మిమ్మల్ని అడుగుతుంది. టెస్టు గది తాళం ఇప్పించండి."

తన మీద ప్రేమతో ఇచ్చాడో, కంపెనీ పేరు కోసం ఇచ్చాడో ఆమె పట్టించుకోలేదు. తాళం ఇచ్చాడు. ఆ రోజునుంచి కప్పులు ఎవరివి వాళ్లే కడుక్కున్నారు. కొందరు కడుక్కోలేదు, అవి సింకులోనే ఎండిపోయాయి. ఆమె వాటి పక్కనుంచే నడిచి వెళ్లి గొట్టం చేతిలోకి తీసుకునేది. మొదట్లో మణికట్టు బిగుసుకునేది. గ్యాసు ఎక్కువ వదిలేసేది. తర్వాత తర్వాత వేళ్లకే తెలిసిపోవడం మొదలైంది, ఎంత వదలాలో, ఎక్కడ ఆగాలో.

ఇంట్లో ఏమీ మారలేదు. మాస్టారు ఎప్పటిలాగే, "ఎలా గడిచింది?" అని అడిగేవారు. ఇదివరకు పూసగుచ్చినట్టు చెప్పేది. ఇప్పుడు "గడిచింది" అనేది. ఆయన మేనేజరుకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదని ఆమెకి తెలుసు, ఆ మాట మేనేజరే గొణిగాడు. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని ఆయన ఆమెని అడగలేరు. అడిగితే చేస్తున్నట్టు ఒప్పుకోవాలి. అందుకని ఆయన అన్నం తింటూ ఆమె ముఖంలోకి చూసేవారు. ఆమె నీళ్లు పోసేది.

మేడమ్ వచ్చింది. పొట్టిగా, చెప్పులు చప్పుడు చేసుకుంటూ వచ్చింది. డ్రమ్ము చూపించి, "కానివ్వు" అంది. ఆమె నిచ్చెన వేసుకుని పైనుంచి మొదలుపెట్టింది. ఒక జాయింటు, ఆగడం. ఇంకో జాయింటు, ఆగడం. మేనేజరు తలుపు దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కున్నాడు. కింది వరుసలో ఒకచోట అంకె లేచింది. ఆమె సుద్దముక్కతో గీత పెట్టి, గ్యాసు తీసేసి, అంకె దిగేదాకా ఆగి, మళ్లీ వదిలి చూసింది. మళ్లీ లేచింది. "రెండోసారి ఎందుకు చూశావు?" అని మేడమ్ అడిగింది. "ఒక్కసారికే దొంగ అనకూడదని" అంది. మేడమ్ నవ్వలేదు గానీ, "వచ్చే ఏడు నా దగ్గర ప్రాజెక్టు చెయ్యి" అని వెళ్లిపోయింది.

ఆ వారాంతం సాయంత్రం అందరూ ముందు గదిలో ఉన్నారు. అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆడపడుచు కాలిగోళ్లకి రంగు వేసుకుంటోంది. మాస్టారు పేపరు తిప్పుతూ, ఏదో గుర్తొచ్చినట్టు, "ఇంతకీ మీ ట్యూటరు ఎప్పుడొస్తారు? నేనూ సెలవు పెట్టి వస్తాను, తోడుగా" అన్నారు.

"వచ్చి వెళ్లారు" అంది.

పేపరు ఆగింది. "ఎప్పుడు?"

"మంగళవారం" అంది అత్తగారు, దుప్పటి అంచు కలుపుతూ. "ఈ ఏడు లెక్కలోకి వచ్చేసిందట."

"నీకెలా తెలుసమ్మా?"

"నాకు చెప్పింది."

"నాకూ చెప్పింది" అంది ఆడపడుచు, గోటి మీద ఊదుకుంటూ. "స్వీటు ఎప్పుడు పెడుతున్నావన్నయ్యా? చదివించేది నువ్వేగా."

మాస్టారు ఒక్కొక్కరి ముఖమే చూశారు. అందరూ వాళ్ల పనుల్లో ఉన్నారు. చివరికి ఆమె వైపు తిరిగారు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. కోపంగా అనలేదు. ఆమె జవాబు ఆలోచించింది. మేనేజరు పేరు చెప్పొచ్చు, ఫోన్లు చెప్పొచ్చు, నువ్వే చెప్పమన్నావన్నాడు అన్న మాటని తిరిగి ఆయనకే వినిపించొచ్చు. ఆయన కూడా చెబుతారు. నీ మంచికోసమే అంటారు, చదువైపోతే ఎక్కడికి పోతావోనని భయమేసింది అంటారు, కళ్లు చెమరుస్తాయి. తను ఓదార్చాల్సి వస్తుంది. ఓదార్చే ఓపిక ఆమెకి లేదు.

"చెప్పాలనిపించలేదు" అంది.

ఆయన పేపరు మడిచారు. తర్వాత గొంతు తగ్గించి, తల్లీ చెల్లెలూ వినకుండా అన్నట్టు ముందుకి వంగి, "ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?" అని అడిగారు.

ఇన్నాళ్లూ తను మోసిన అనుమానపు చూపు ఆయన కళ్లలోకి వచ్చింది. ఒక్క మాటతో దాన్ని తీసెయ్యగలదు. ఆమె లేచి, అత్తగారి చేతిలోని దుప్పటికి రెండో కొస పట్టుకుంది.