గోడ దాటిన నీళ్ళు

“నువ్వూ రా. అంతమందికి వంట ఎవరో ఒకరు చూసుకోవాలిగా,” అన్నారు మా ఆయన, నేను గిన్నెలు తుడిచి బోర్లిస్తుండగా. ఆడదానికి ఇంతకంటే మర్యాదగా పిలుపు ఏముంటుందన్న ధీమా ఆ గొంతులో ఉంది. మా చర్చి నుంచి ఒక బృందం విమానమెక్కి, పరాయి దేశంలోని ఒక పేద సంఘానికి ప్రార్థన హాలు కట్టి ఇచ్చి రావాలన్నది ఏడాదిగా నలుగుతున్న మాట. కూలి లేకుండా, సొంత చేతులతో, పన్నెండు రోజుల్లో. ఆయన రిటైరైన ఇంజనీరు గనుక బృందానికి నాయకుడు. నేను రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్‌ని గనుక వంటమనిషిని. ఈ రెండు వాక్యాలకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ కట్టడాల ఆఫీసులో ప్లాన్లు గీశాను. ప్రతి ప్లాను కింద, కుడి మూలలో, చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అందులో మూడు గళ్ళు: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గడి నాది. మిగతా రెండూ ఇంజనీర్లవి. అందులో చాలా ఏళ్ళు మా ఆయనవి. సరిచూడటమంటే ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని, నిలబడే, రెండో చేత్తో సంతకం గీకడమని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. నా గీతలో తప్పు దొరకదని వాళ్ళకు నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను చాలాకాలం గౌరవమనే అనుకున్నాను. ఇంటికొస్తే మా అత్తగారి తీర్పు వేరుగా ఉండేది. “అక్కడ గీతలు గీస్తే ఇక్కడ అంట్లు వాటంతటవే తోముకుంటాయా?” అనేవారావిడ, గుమ్మంలో నా చెప్పులు ఇంకా విప్పకముందే. తోముకోవు. అందుకే నేను తోమేదాన్ని.

ప్రయాణానికి నాలుగు నెలల ముందు మా ఆయనా పాస్టరుగారూ వెళ్ళి స్థలం చూసొచ్చారు. ఆదివారం వెళ్ళారు, ఆరాధన చూసినట్టూ ఉంటుంది, కొలతలు తీసినట్టూ ఉంటుందని. తిరిగొచ్చి మడతలు పడిన కాగితం ఒకటి భోజనాల బల్ల మీద పరిచి, సాయంత్రానికల్లా శుభ్రంగా గీసిపెట్టమన్నారు. అటక మీంచి నా పాత బోర్డు దింపుకున్నాను. హాలుకీ పక్కనున్న చర్చి ప్రహరీ గోడకీ మధ్య ఆరడుగుల సందు మిగిలింది. అది వృథా అన్నారాయన. ముందొక గోడ, వెనకొక గోడ పెడితే ఉత్తపుణ్యానికి సామాన్ల గది వస్తుంది, రోడ్డు వైపు గోడకి శిలాఫలకం పెట్టుకోవచ్చు. అక్కడెవరైనా నడుస్తారా, దారి లాంటిదేమైనా ఉందా అని అడిగాను. “మూడు గంటలు నిలబడ్డాను, పిట్ట కూడా దాటలేదు. పైగా నేల అక్కడ రాయిలా గట్టిపడి ఉంది. పునాదికి అంతకంటే ఏం కావాలి?” అన్నారు. ఆ మాటను కూడా ప్లాను అంచున గుండ్రటి అక్షరాలతో రాశాను: ఇక్కడ నేల గట్టిది, పునాదికి అనుకూలం. సందును మూస్తూ రెండు గీతలు గీశాను. ఆ గీతలు నావి. ఈ కథలో ఎవరి తప్పు ఎంతో చెప్పవలసి వస్తే లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

బృందంలో మగవాళ్ళు పద్నాలుగుమంది, ఆడవాళ్ళం నలుగురం. వాళ్ళకు పసుప్పచ్చ చొక్కాలు, వీపు మీద ‘నిర్మాతలు’ అని అచ్చు. మాకు తెల్లవి, ‘సహాయకులు’ అని. తెల్లచొక్కాతో మసిపొయ్యి ముందు కూర్చోవాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వాళ్ళు జీవితంలో ఒక్క చొక్కా ఉతికి ఉండరు. పని స్థలానికి ఎదురుగా టార్పాలిన్ కింద మా వంటిల్లు. పొద్దున్న రొట్టె, గుడ్లు; మధ్యాహ్నం సూపూ ఉడికించిన బంగాళాదుంపలూ; మధ్యమధ్య టీ. ఏడున్నరకు మగవాళ్ళు ప్రార్థన చేసుకుని గ్లవుజులు తొడుక్కునేవారు. అప్పటికి నేను లేచి మూడు గంటలయ్యేది.

అందుకే ఆ దృశ్యం నాకొక్కదానికే కనిపించింది.

సోమవారం, మొదటి రోజు, ఐదింటికి పొయ్యి మీద నీళ్ళు పెట్టి తలెత్తేసరికి ప్రహరీ పక్క నుంచి ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు. ఒక్కొక్కరి చేతుల్లో రెండేసి ఖాళీ డబ్బాలు. పంతొమ్మిదిమంది. మేము పునాది కోసం ముగ్గు పోసిన గీతలు తొక్కకుండా పక్కకు జరిగి, ఆ ఆరడుగుల సందులోంచే నడిచి, రోడ్డవతల కుళాయి దగ్గరకు వెళ్ళారు. నిండు డబ్బాలతో అదే దారిన తిరిగొచ్చారు. మళ్ళీ వెళ్ళారు. ఐదు నుంచి ఆరున్నర దాకా వస్తాయట నీళ్ళు, ఆదివారం తప్ప. ఆదివారం తప్ప! నేను చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ నేల ఎందుకు గట్టిపడిందో ఇంజనీరుకు తెలియలేదు. తరాల తరబడి ఆడవాళ్ళ అరికాళ్ళు దాన్ని దిమ్మిసకొట్టాయి. దాన్ని నేను నా అందమైన చేతిరాతతో పునాదికి అనుకూలమని రాసిపెట్టాను.

వెంటనే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. రెండు రోజులు చూద్దాం, వాళ్ళకు వేరే దారి ఉండే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం నాకు ఊపిరంత అలవాటు. బుధవారానికి గోడ మోకాలెత్తు లేచింది. ఆడవాళ్ళు డబ్బాలు కింద పెట్టి, బట్టలు కాస్త పైకెత్తుకుని, ఒక కాలూ ఆపై ఇంకో కాలూ దాటించి, వంగి డబ్బాలు అందుకున్నారు. శుక్రవారానికి నడుమెత్తు. ఇక దాటడం కుదరక ఒకరు అటు, ఒకరు ఇటు నిలబడి డబ్బాలు గోడ మీదుగా అందించుకున్నారు. రెండు గోడలు గనుక రెండుసార్లు. వాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది, ఎడమ మోకాలు వంగదు. ఆమె డబ్బాను గోడ మీద పెట్టి ఒక్క క్షణం దాని మీద చెయ్యానించి నిలబడేది. నీళ్ళు ఒలికి పచ్చి సిమెంటు తడిసేది. ఏడున్నరకు మగవాళ్ళొచ్చి, చూశారా, మంచుకు గోడ తనంతట తనే తడుస్తోంది, దేవుడి దయ అనుకున్నారు.

మాకూ వాళ్ళకూ మధ్య మాటలు అందించేది అక్కడి బడి పంతులమ్మ. చురుకైన మనిషి, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ఈ ఆడవాళ్ళు ఒక్కమాటైనా ఎందుకు అనలేదని శనివారం పొద్దున్న ఆమెను అడిగాను. ఆమె నవ్వలేదు.

“కానుకగా వచ్చిన గోడని అడ్డం అని ఎవరంటారమ్మా? వచ్చే ఏడాది బడికి కప్పు వేయిస్తామన్నారు మీవాళ్ళు. నోరు తెరిస్తే అదీ పోతుందని వీళ్ళ భయం.”

“మరి పైకప్పు పడ్డాక నీళ్ళెలా?”

“చుట్టూ తిరుగుతారు.”

ఆ చుట్టు ఎంతో చూడాలనిపించింది. పది గంటల టీ అయ్యాక మా వంటింటి తొట్టిలోంచి రెండు డబ్బాలు నింపి, చర్చి వెనక నుంచి, రాళ్ళదారిన, పశువుల దొడ్డి పక్కగా నడిచాను. సందులోంచి వెళ్తే అరవై రెండు అంగలు. చుట్టూ తిరిగితే నాలుగు వందల పన్నెండు. ఒక్కో మనిషికి పొద్దున్నే ఐదు విడతలు. వంటింటికి చేరేసరికి నా మణికట్లు పీకుతున్నాయి, చెప్పుల్లో నీళ్ళు, డబ్బాలో ముప్పాతిక.

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పాను. సామాన్ల గది మానేసి ఆ సందు వదిలేస్తే చాలు, హాలుకి ఏ నష్టమూ లేదన్నాను. చెంచాలు ఆపి నావైపు చూశారు. బంగాళాదుంపల్లో ఉప్పు తక్కువైందని చెబుతానని అనుకున్నారు కాబోలు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమన్నారు మా ఆయన. నాలుగడుగులు ఎక్కువ నడిస్తే ఆరోగ్యమేనని ఒకరు చమత్కరించారు, అందరూ నవ్వారు. ఊరకే ఇచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టేది వీళ్ళు కాదు ఆంటీయే అన్నాడు ఇంకొకడు. అసలు చిక్కు ఎక్కడుందో పాస్టరుగారి ముఖంలో కనిపించింది. శిలాఫలకం. దాన్ని తువ్వాళ్ళలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని విమానంలో తెచ్చింది మా ఆయనే. దాని మీద పద్నాలుగు పేర్లు, అడుగున ‘మరియు సహకరించిన స్త్రీలు’. అది ఆ గోడకే పెట్టాలి, రోడ్డు వైపు తలుపులూ కిటికీలూ లేని గోడ అదొక్కటే. “అమ్మగారూ, మీ భారాన్ని ప్రార్థనలో పెడదాం,” అన్నారు పాస్టరుగారు, నిజమైన ప్రేమతోనే. పెట్టారు. ఆమెన్ అన్నాక నేను లేచి ప్లేట్లు తీశాను.

గదిలో మా ఆయన నా మణికట్టుకి మందు రాశారు. చేతికి నొప్పి తగలకుండా ఎలా రాయాలో ఆయనకు తెలుసు. ఆయన చెడ్డవారు కారు. ఈ వాక్యాన్ని నేను నలభై ఏళ్ళుగా వాడుతున్నాను. అరిగిపోయింది గానీ అబద్ధం కాలేదు.

“నలుగురిలో అనకుండా ముందు నాతో అనాల్సింది,” అన్నారు.

“నాలుగు నెలల కిందట మీతోనే అన్నాను. మన భోజనాల బల్ల దగ్గర.”

మందు రాసే వేలు ఆగింది. ఆయనకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినప్పుడు ఆయన మూత బిగిస్తారు, అది డబ్బా మూతైనా, నోరైనా. ఎల్లుండి లింటెల్ ఎత్తుకి, తలుపుల పైదాకా వెళ్ళిపోతాం, ఇప్పుడు కదిపితే బృందం మనసు విరుగుతుంది అని మాత్రం అన్నారు. పద్నాలుగుమంది మనసు ఒక వైపు, పంతొమ్మిదిమంది మోకాళ్ళు ఇంకో వైపు. తూకం ఎటు మొగ్గాలో ఆయన ఎప్పుడో తేల్చేసుకున్నారు.

ఆదివారం పని లేదు. ఆరాధన తరవాత అక్కడి మేస్త్రీని పట్టుకున్నాను. బృందం కట్టే గోడలు నిటారుగా నిలబడుతున్నాయంటే అది ఆ మనిషి చలవే. ప్రతి వరసకీ దారం కట్టి చూపించేది అతనే, వంకర పోయిన ఇటుకను మావాళ్ళు నొచ్చుకోకుండా వేలితో సరిచేసేదీ అతనే. సందు తెరవగలవా అని పంతులమ్మ చేత అడిగించాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, గంట పని అన్నాడు. కానీ కాగితం మీద ఉంటేనే చేస్తాడట. నోటిమాటకు గోడ కదిపి ఒకసారి పని పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి గీసిన కాగితం, దాని మీద సంతకం, ఈ రెండూ లేనిదే ఇటుక ముట్టడు. చొక్కా జేబులోంచి మా ప్లాను తీసి చూపించాడు, మడతల దగ్గర చిరగకుండా గుడ్డ అంటించుకున్నాడు. అది గీసింది ఈవిడేనని పంతులమ్మ చెప్పింది. అతను ప్లానునూ నన్నూ రెండుసార్లు మార్చి మార్చి చూశాడు. “ఇంత తేటగా గీసిన కాగితం నేను చూడలేదు. అందుకే ఇందులో తప్పుంటుందని అనుకోలేదు,” అన్నాడట. మెచ్చుకోలుగానే అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా పని మీద ఎవరైనా చెప్పిన నిజం అదొక్కటే.

మధ్యాహ్నం ప్లేట్లు కడగకుండా తొట్టిలో వదిలేశాను. వారం రోజుల వంటల పట్టిక రాసిన అట్ట వెనక్కి తిప్పి, స్కేలు లేక పళ్ళెం అంచు ఆసరాగా, హాలును మళ్ళీ గీశాను. సామాన్ల గది లేదు. రెండు గోడల చోట రెండు ఖాళీలు. మధ్యలో ‘నడిచే దారి’ అని రాశాను. కుడి మూలలో పెట్టె గీసి, మూడు గళ్ళూ చేశాను. గీసినవారు అన్న చోట నా పేరు, పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరు. ఆమోదించినవారు అన్న గడి దగ్గర కలం ఆగింది. మా ఆయనను నిద్రలేపి సంతకం అడగవచ్చు. అడిగితే బతిమాలడమవుతుంది, పెడితే ఆయన దయ అవుతుంది. తప్పు గీతకు నా సంతకం సరిపోయినప్పుడు ఒప్పు గీతకు ఎందుకు సరిపోదు? అక్కడా నా పేరే రాశాను. మధ్య గడి మాత్రం ఖాళీగా ఉంచాను. తన గీతను తానే సరిచూసుకోకూడదన్నది మా వృత్తిలో నియమం. ఎవరూ పాటించకపోయినా, నియమం నియమమే.

సోమవారం ఐదింటికి పొయ్యి వెలిగించలేదు. మేస్త్రీ చేతికి అట్ట ఇచ్చాను. అతను సంతకాలు చూసి, పెదవి కదిపి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఉలి అందుకున్నాడు. శిలాఫలకం మాటేమిటని పంతులమ్మ అడిగింది. పేర్లున్న రాయికి ఇంకో గోడ దొరకదా అన్నాను. తీసిన ఇటుకలు నేను అందుకుని పక్కన పేర్చాను. మొదట వచ్చినవాళ్ళు డబ్బాలు గోడ మీదుగానే అందించుకున్నారు. తరవాతి వాళ్ళు కాలెత్తి దాటారు. ఆరింటికి పెద్దావిడ వచ్చింది. డబ్బా ఆనించడానికి అలవాటుగా చెయ్యి చాపింది, చేతికి గోడ తగల్లేదు. నేల వైపు చూసింది. నా తెల్లచొక్కా మీది ఇటుకదుమ్ము చూసింది. వంగని మోకాలిని ముందుకేసి, ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది.

టీ రాలేదేమిటని మా ఆయన వచ్చింది అప్పుడే. గోడ లేని చోటును చూశారు, మేస్త్రీని చూశారు, నన్ను చూశారు. కోప్పడటానికి నోరు తెరిచిన మాట నిజం. అంతలో ఇద్దరు ఆడవాళ్ళు నిండు డబ్బాలతో ఎదురు రావడంతో పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఆ సందులో ఆయన ఒకరికి దారి ఇవ్వడం అదే మొదటిసారి. వాళ్ళ వెనక ఇంకో ముగ్గురు. ఆయన ప్రహరీకి వీపు ఆనించి, వరస అయ్యేదాకా అలాగే నిలబడ్డారు. తరవాత వంగి, కాలి కింది గట్టినేలను అరచేత్తో తడిమారు. చాలాసేపు తడిమారు.

మేస్త్రీ దగ్గర అట్ట తీసుకుని చదివారు. జేబులోంచి కలం తీశారు. “పాస్టరుగారితో నేను మాట్లాడతాలే. ఇటివ్వు, ఈ మధ్య గడిలో సంతకం పెట్టేస్తాను. నీ మీదకి మాట రాకుండా ఉంటుంది,” అన్నారు, గొంతు తగ్గించి. నలభై ఏళ్ళలో ఆయన నాకు ఇవ్వజూపినవాటిలో అది చిన్నది కాదు. నాకు తెలుసు.

కలం తాకకముందే అట్ట వెనక్కి తీసుకుని, ఖాళీ డబ్బాలు రెండు ఆయన చేతికిచ్చాను.

“ముందు సరిచూడండి. ఒకసారి ఇటు నుంచి, ఒకసారి చుట్టూ తిరిగి. సంతకం తరవాత.”