తెల్లపొర పట్టిన చేతులు

నీళ్లలోంచి వచ్చినవాడు తడిబట్టలు విడిచినట్టు, రోజూ సముద్రంలోంచి లేచే సూర్యుడు తన పొరలు ఆ పల్లె ఇసకలో విడిచి పైకి పోతాడు. ఉల్లితొక్కలాంటి ఎర్రపొరను ఆడవాళ్లు లాక్కొచ్చి ఎండుచేపల మీద కప్పుతారు. దాని కింద గంజిలా కుతకుతలాడే పసుప్పచ్చ పొర ముసురు రోజుల్లో అక్కరకొస్తుంది. అన్నిటికీ పైనుండేది తెల్లపొర. చూస్తే దోమతెర, ముట్టుకుంటే మిగతావన్నీ దానిముందు చల్లమజ్జిగే. దాన్ని తెడ్లతో సముద్రంలోకి నెట్టేస్తారు. చేత్తో పట్టిన మొనగాడు, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఎవడూ లేడు.

గరివిడిలో ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో, మంచుకాలంలో, వేటకెళ్లిన దాలయ్య తెప్ప తిరిగి రాలేదు. పెళ్లాం కూర్మమ్మ చేపలు తిరగేస్తూ సముద్రంకేసే చూసేది. అత్త మరిడమ్మ ధైర్యం చెప్పేది.

"సూరీడి కడుపులో, గింజకాడ పుట్టిన ఎలుగు ఎన్నో తరాలు అందులోనే తిరుగుతాదే. ఇటు కొట్టుకుని అటు కొట్టుకుని ఆకరికి బయటికొస్తాది. నా కొడుకూ వస్తాడు."

ఎన్నాళ్లని చూస్తారు? ఆదివారం గాజులు పగలగొట్టాలన్నాడు కులపెద్ద జోగయ్య. గాజు పగిలితేనే విధవ, అది అక్కడి కట్టుబాటు. ఆయన దుర్మార్గుడేం కాదు, ఆ మాట తల దించుకునే చెప్పాడు.

ఆదివారం పక్కమనిషి కనపడనంత మంచు. కూర్మమ్మను ఇసకలో కూర్చోబెట్టారు. మరిడమ్మ కోడలికి పసుపు రాసి, పువ్వులు పెట్టి, ఏడుపు ఆపుకోలేక పక్కకు తిరిగింది. అప్పుడే సూర్యుడు లేచాడు. తెల్లపొర జారి ఒడ్డున పడి, మంచును చీల్చుకుంటూ వెలిగింది. కూర్మమ్మ ఒక్క ఉదుటున లేచి రెండుచేతులా దాన్ని ఎత్తి పట్టుకుంది.

"ఒగ్గీయే, ఒగ్గీ!" అన్నాడు జోగయ్య.

"మా బావకి ఒడ్డు కనపడాల, మావా."

మంచు విడేదాకా దించలేదు. విడ్డాక చూస్తే సముద్రం మీద తెప్ప లేదు. అప్పుడు దించి, మరిడమ్మ ఒళ్లో పడి గుండెలవిసేలా ఏడ్చింది. చేతులు మోచేతులదాకా కాలాయి. ఆకుపచ్చ గాజులు కరిగి మణికట్లకు అతుక్కుపోయాయి.

జోగయ్య రాయితో కొట్టి చూశాడు. పగల్లేదు. రోకలి తెప్పించాడు. పగల్లేదు. రోకలి పక్కన పడేసి, కట్టుబాటు కట్టుబాటే, ఈమె ముత్తైదువే అని చెప్పి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

దాలయ్య రాలేదు. ఆ వేసవిలో జోగయ్య కూతురి పెళ్లికి మొదటి పసుపు కూర్మమ్మ చేతే రాయించారు. పిలవడానికి ఆయనే వచ్చాడు. ఆ కాలిన చెయ్యి బుగ్గకి వెచ్చగా తగిలిందని పెళ్లికూతురు అందరితోనూ చెప్పింది.