పచ్చగా కనిపించిన మూల

టీ గ్లాసులు పెట్టడానికి బల్ల మీద చోటు లేదు. మా చెల్లి దానినిండా పటం పరిచింది. మా ఆయన నావైపు చూడకుండానే "జాగ్రత్త, పటం మీద ఒలకబొయ్యకు" అన్నాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఈయన ఒక ఆడదాని మాట ఇలా నోరు తెరుచుకుని వినడం ఇదే మొదటిసారి. నాకు కడుపు మండిపోయింది. ఈర్ష్యే, దాచుకోవడం ఎందుకు? బళ్లో దాని పటాలన్నీ గీసిపెట్టింది నేను. ఇప్పుడది వ్యవసాయ ఆఫీసులో, ఏ పొలంలో నీళ్లు నిలిచి పంట పోతుందో చూసి పటాలు గీస్తోంది. దాని పాదాలు చూడాలి, ఒక్క పగులుంటే ఒట్టు.

నీలం వేసిన చోట నీళ్లు నిలుస్తాయట. ఆ నీళ్లు పోవడానికి కాలువ తవ్విస్తారట. మా మిరప చేను మాత్రం మొత్తం ఆకుపచ్చే.

"మరి పల్లపు మూల?" అన్నాను.

"మూడేళ్ల ఉపగ్రహం ఫొటోలు చూశానక్కా. వానలయ్యాక కూడా పచ్చగానే ఉంది."

"మా చేలో చుక్క నిలవదు మరదలా," అన్నాడు మా ఆయన, ఆ బురదలో ఏనాడూ కాలు పెట్టని మనిషి.

పచ్చగా ఎందుకుండదూ? పెద్ద వాన పడ్డప్పుడల్లా ఆ మూల మొక్కలు వేళ్లు కుళ్లి చస్తాయి. పెరట్లో విడిగా నారు పెంచి, నడుం విరిగేలా మళ్లీ నాటేది నేను. "మావాడి చేతి చలవ" అని మురిసిపోయేది మా అత్తగారు. ఉండబట్టలేక అదంతా కక్కేశాను. "నాలుగు మొక్కలు గుచ్చినందుకు ఇంత కథా!" అని మా ఆయన నవ్వాడు. చెల్లి నవ్వలేదు. "నోటిమాట పటంలోకి ఎక్కదక్కా. ఈ ఏటి వానల ఫొటోలు కూడా వచ్చాకే ఖాయం చేస్తాం," అంది. నా చెల్లెలు కూడా ఫొటోనే నమ్మింది.

పది రోజులకి వాన దంచికొట్టింది. మూడోనాటికి ఆ మూల మొక్కలు తలలు వాల్చేశాయి. పెరట్లో నారు జానెడెత్తు ఉంది. నేను తీరిగ్గా కూర్చుని తల దువ్వుకుంటున్నాను. రేపు చెల్లి అక్కడ నీలం వేస్తే అందరూ దాన్నే మెచ్చుకుంటారు, నాకు మళ్లీ కడుపు మండుతుంది. మండనీ.

"ఇంకా బయల్దేరలేదేం? మొక్కలన్నీ పోతున్నాయి!" మా ఆయన గుమ్మంలోంచి అరిచాడు.

"పోనివ్వండి," అన్నాను. "పైనుంచి ఫొటో తీస్తారటగా. ఈసారి నేను అడ్డు రాను."