బ్యాడ్ కమాండ్

కొత్తపేటలో టీవీలు బాగుచేసే అంతయ్యకు ఆదివారం తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడుతోంది. ఆ రోజు ఎల్బీ నగర్ నుంచి బిడ్డ సంధ్యారాణి కారేసుకొని వస్తుంది. తల్లిని పెద్ద అంబర్‌పేట్ దగ్గర రోగులను చూసుకునే హోమ్‌లో చేరుస్తుంది. పక్షవాతంతో అంతయ్య భార్య యాదలక్ష్మి నోరు పడిపోయి నాలుగు నెలలైంది.

"అమ్మకు సోయే లేదు నాయినా. ఒక్కనివి ఎన్నొద్దులని జేస్తవ్?" అంటుంది బిడ్డ.

సోయి ఉందని, అన్నీ తెలుస్తున్నాయని అంతయ్య పట్టు. రుజువు మాత్రం లేదు.

ఆ రుజువు కోసమే అటక మీది పాత కంప్యూటర్ దించాడు. యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ బళ్లో కంప్యూటర్ టీచర్. బడివాళ్లు పారేస్తుంటే ఆ డబ్బాను ఆటోలో ఇంటికి తెచ్చుకుంది. టీవీకి తగిలిస్తే ఇప్పటికీ పనిచేస్తుంది. దానికి రాని కమాండ్లు మనమే నేర్పొచ్చట. ఎలాగో ఆమె నోట్‌బుక్కులో గుండ్రటి అక్షరాలతో ఉంది. భార్య చదువు చూసి ముప్పై ఎనిమిదేళ్లు మురిశాడే కానీ, అందులో అంతయ్యకు ఓనమాలు తెలియవు. అయినా తప్పు మీద తప్పు దిద్దుకుంటూ నీళ్లు, నొప్పి, చలి, ఫ్యాను అంటూ తొమ్మిది కమాండ్లు నేర్పాడు. ఆమెకు చూపు ఆనదని, ఆమె కొట్టిన చిన్న అక్షరాలు చెరిపేసి జవాబు తెర నిండా పెద్దగా వచ్చేటట్టు పెట్టాడు.

ఆమె ఎడమచెయ్యి కీబోర్డును మరిచిపోలేదు. బుధవారం నీళ్లడిగింది. అంతయ్య గ్లాసు పట్టుకొని ఏడ్చాడు.

గురువారం నుంచి దానికేం రోగమొచ్చిందో! బీప్‌మంటుంది, వంటింట్లోంచి ఉరుకుతాడు, తెర మీద 'బ్యాడ్ కమాండ్'. ఆ మాట నాకు తెలియదని డబ్బా చెప్పే తీరు అది. శుక్రవారం కీబోర్డు విప్పి తుడిచాడు. శనివారం ఒక్కో లైనూ నోట్‌బుక్కుతో సరిచూశాడు. తను కొడితే తొమ్మిదీ వస్తున్నాయి. అంటే తప్పు డబ్బాది కాదు. అంతయ్య నోట్‌బుక్కు మూసేశాడు. బిడ్డ చెప్పిందే నిజమేమో.

ఆదివారం సంధ్యారాణి బట్టలు సర్దుతుంటే మళ్లీ బీప్. మళ్లీ 'బ్యాడ్ కమాండ్'.

"ఇగ సాలు నాయినా."

"జర ఆగు బిడ్డా. ఒక్కసారి." దింపుడు కళ్లం ఆశే అది. ఆమె ఏం కొడుతోందో ఇన్నాళ్లూ కనబడలేదు, చెరిపే లైను పెట్టింది తనే. ఆ లైను తీసేశాడు.

యాదలక్ష్మి ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. సంధ్యారాణి వంగి చదివింది.

"అంతయ్య అని కొట్టింది. నీ పేరు నాయినా."

పిల్లలకు కంప్యూటర్ నేర్పిన మనిషే అయినా, మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని రేషన్ కార్డు రాసేవాడికి కూడా ఆ పేరు పక్కింటి పెంటమ్మ చేత చెప్పించింది. ఎప్పుడూ 'ఇగో' అనే పిలుపు. నోటితో పాటే ఆ పిలుపూ పోయింది. ఆమెకు కావలసినవన్నీ నేర్పిన అంతయ్యకు తన పేరు నేర్పాలని తట్టనే లేదు. నాలుగు రోజులుగా పిలుస్తోంది. పిలిచినప్పుడల్లా వచ్చాడు. వచ్చి తెర ముఖం చూసి తిట్టుకుంటూ పోయాడు, ఆమె ముఖం చూడలేదు.

అంతయ్య మంచం అంచున కూర్చున్నాడు. పేరు పెట్టి పిలవడం ఆయనకూ అలవాటు లేదు.

"యాదలక్ష్మీ! ఏం గావాలె? చెప్పు, అది గూడ నేర్పిస్త."

కీబోర్డు మీద చెయ్యి పెట్టబోయాడు. ఆమె ఎడమచేత్తో ఆ చేతిని లాగి తన దగ్గర పెట్టుకుంది.

సంధ్యారాణి సంచిలోని చీరలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బీరువాలో పెట్టసాగింది.