ఇచ్చిన అర పాయింట్

జిల్లా చెస్ సెలెక్షన్ టోర్నీ మద్దిలపాలెంలో జరిగింది. ఆఖరి రౌండ్‌లో అనూరాధ ఎదుట సాయిదుర్గ కూర్చుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కోచ్ దగ్గర ఆడినవాళ్లు. అనూరాధ నాలుగేళ్లు పెద్ద. తండ్రి తాతబాబు కాలు బోటులో నలిగిపోయాక సాయిదుర్గ ఆట మానేసి, ఫిషింగ్ హార్బర్‌లో చేపల బేరానికి కూర్చుంది. మళ్లీ ఇన్నాళ్లకి బోర్డు ముందుకొచ్చి, వస్తూనే గట్టిగట్టివాళ్లని ఓడించింది.

గేమ్ డ్రా అయితే చెరో అర పాయింట్‌తో ఇద్దరూ రాష్ట్ర పోటీకి వెళ్తారు. ఓడితే సాయిదుర్గకి చోటు లేదు.

ఆట సగం దాటాక అనూరాధకి గెలుపు కనబడింది. రూక్‌ని బలిచ్చి గుర్రంతో చెక్ చెబితే అవతలి రాజుకి కదలడానికి గడి లేదు. తలెత్తి చూసింది. సాయిదుర్గ పెదవి కొరుక్కుంటోంది. అనూరాధకి మనసొప్పలేదు. తన రాజుని ఒక గడి పక్కకి జరిపి, "డ్రా చేసుకుందామా?" అంది.

సాయిదుర్గ గబుక్కున చెయ్యి కలిపింది.

బయట మెట్ల మీద ఇద్దరూ కూర్చుని ఫోన్‌లో అదే గేమ్ వేసుకుని చూస్తుంటే, సాయిదుర్గ ఒకచోట ఆగిపోయింది.

"అక్కా, ఇక్కడ రూక్ ఇచ్చేస్తే నా పనైపోయేది కదా?"

"అవునా? నాకు తట్టలేదు."

"నీకు తట్టకపోడవేటి? ఈ దెబ్బ నాకు నేర్పిందే నువ్వు."

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. అనూరాధ ఫోన్‌లో తర్వాతి ఎత్తుకి జరిపింది.

"ఓడిపోతే ఓడిపోయానని ఇంటికెళ్దును," అంది సాయిదుర్గ. "ఇప్పుడు మా నాన్నకి ఏటని సెప్పాలి?"

మర్నాడు తన పేరు తీసేయించుకుంది. ఆమె బదులు మూడో స్థానంలో ఉన్న హిమబిందు వెళ్లింది. అనూరాధ కూడా వెళ్లింది గానీ, మనసు పెట్టి ఆడలేక మధ్యలో ఎక్కడో మిగిలింది.

తిరిగొచ్చాక ఉండబట్టలేక హార్బర్‌కి వెళ్లింది. సాయిదుర్గ మొహం తిప్పుకోలేదు. ప్లాస్టిక్ స్టూల్ వేసి కూర్చోబెట్టింది, టీ తెప్పించింది. తండ్రి ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడని చెప్పింది.

"ఆదివారం మా ఇంటికి రా, ఓ గేమ్ ఆడదాం," అంది అనూరాధ.

సాయిదుర్గ చేపల మీద ఐసు సర్దుతూ నెమ్మదిగా అంది: "నువ్వు నిజంగా ఆడతన్నావో, నా మీద జాలిపడతన్నావో నాకెలా తెలుస్తాది అక్కా?"

ఇంతలో ఎవరో వంజరం రేటు అడిగారు. సాయిదుర్గ అటు తిరిగింది.