పులిపిరి మీద జీడి

ఆ ఏడు జీడి బాగా కాసింది. వేసవి మొదలవ్వకుండానే ఏ అరుగు మీద చూసినా జీడిపిక్కల బస్తాలే. నా మనవరాలు భానుప్రియ శ్రీకాకుళంలో మూడేళ్ళు నర్సింగు చదివి ఇంటికొచ్చిన నెలకి, టెక్కలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి కార్డు వచ్చింది. సోమవారం పది గంటలకు ఇంటర్వ్యూ. ఉన్నది ఒకటే ఉద్యోగం.

నా కొడుకు గున్నయ్య, అంటే భాను తండ్రి, కిడ్నీలు పాడై చనిపోయి నాలుగేళ్ళయింది. మా జలంత్రకోట నుంచి బారువ దాకా ఏ వీధిలోకి వెళ్ళినా ఆ జబ్బు లేకుండా ఉండదు కదా. వాడు విశాఖపట్నంలో మంచం మీద ఉన్నప్పుడు ఒక నర్సమ్మ నరం దొరికేదాకా వాడికి కబుర్లు చెబుతూ చెయ్యి నిమిరేది. తనూ అలాగే నర్సు అవుతానని భాను అప్పుడే అనేసింది. నా కోడలు సరోజిని జీడిబట్టీలో పిక్కలు కొట్టి, పప్పు తీసి చదివించింది. ఈ ఉద్యోగం రాకపోతే ఆ పిల్ల కూడా బట్టీకే వెళ్ళాలి. ఇరవై ఏళ్ళ క్రితం సరోజిని కూడా రెండు నెలలకని వెళ్ళిందే.

ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో ఇంటర్వ్యూ తప్ప వేరే పని లేదు. మంచం మీద రోగి వేషం నాది.

"ఏటమ్మా, నొప్పెక్కడ?" అని అడిగేది భాను.

"నొప్పి లేని సోటెక్కడో అడుగు, బేగి తెములుద్ది."

"మామ్మా! రోగులు అలగ మాటాడరు."

"ముసిలోలకి నువ్వెప్పుడైనా సూదేసినావేటే? ఇలగే మాటాడతారు."

పేరు, ఊరు, చదువు ఇంగ్లీషులో చెప్పాలట. తలుపు వెనక నిలబడి చెప్పుకునేది. వినీ వినీ నాకూ వచ్చేసింది. ఒకరోజు సరోజిని అన్నం తింటుంటే నేను "మై నేమ్ ఈజ్ భానుప్రియ" అన్నాను. సరోజినికి పొలమారింది. గున్నయ్య పోయాక మేం ముగ్గురం కలిసి నవ్వడం అదే మొదలు.

శనివారం మధ్యాహ్నం పక్కింటి రాజులమ్మ చాట కోసం వచ్చి కూర్చుండిపోయింది. భాను చెయ్యి చూసింది.

"అదేటే బానూ, ఏలి మీద పులిపిరి?"

"సిన్నప్పట్నించీ ఉన్నాది పిన్నీ."

"నీకు అలవాటైపోనాది. సూది పొడిపించుకునోడికి ముందల కనబడేది ఆ ఏలే కదా. మా సెల్లి కూతుర్ని ఇలగే సేతులు సూసి ఎనక్కంపీసినారు."

"ఏడిసినావు. సేతులు సూసి ఉద్యోగాలిత్తారేటి?" అని ఆవిడని పంపేశాను గానీ, ఆ తర్వాత నాకు ఆ వేలు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

పులిపిరికి మా ఊళ్ళో మందు జీడే. పచ్చి పిక్కను నిప్పుల మీద వెచ్చబెడితే తొక్కలోంచి నల్లటి నూనె కారుతుంది. పులిపిరి చుట్టూ సున్నం గట్టులా పెట్టి, నడినెత్తిన ఒక్క చుక్క వేస్తాం. సున్నం ఆ నూనెను పక్కకు పోనివ్వదు. పులిపిరి మాడి రాలిపోతుంది. మా ఆయన మెడ మీద రెండు నేనే తీశాను.

"వొద్దు మామ్మా. తోలు కాలిపోద్ది. సదువుకున్నాను నాను," అంది భాను.

"నీ సదువు కంటే ముందల నుంచీ ఉన్నాదే జీడి. కావాలంటే మీ తాతనడుగు."

"తాతని ఎక్కడికెల్లి అడగాల?"

"నా మాట మీద ఆపాటి గురి లేదేటే నీకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. భాను నా ముఖం చూసి, చెయ్యి చాపింది.

సాయంత్రానికి చుక్క ఆరిపోయిందనుకున్నాం. ఇంటర్వ్యూలో చేతులు ఎలా కడుక్కోవాలో కూడా చేసి చూపించమంటారట. దానికో పద్ధతి ఉంది: అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళ చుట్టూ, గోళ్ళు. బోరింగు దగ్గర సబ్బు పెట్టి నాలుగుసార్లు చేసింది. నేను బోరింగు కొట్టాను. ఏ సందూ వదలకుండా తోముతోందని మెచ్చుకున్నాను కూడా. సున్నం కొట్టుకుపోయిందని ఇద్దరికీ తోచలేదు. జీడినూనె నీళ్ళకు పోయేది కాదు. నురగతో పాటు రెండు చేతులకీ పాకింది.

ఆదివారం పొద్దున్న దురద. మధ్యాహ్నానికి వాపు. పొద్దు వాలేసరికి వేళ్ళ సందుల్లో నీటి పొక్కులు. బట్టీ నుంచి వచ్చిన సరోజిని ఆ చేతులు చూసింది. జీడి రసానికి నల్లబడిన తన చేతులు నా ముందు చాపింది.

"అత్తా, ఈ సేతులు రోజూ సూత్తావు కదా. సూసి కూడా నా పిల్లకి జీడి ఎట్టినావేటి?"

సోమవారం భానుకు తోడుగా నేనే వెళ్ళాను. పలాసలో బస్సు మారి, నందిగాం దాటి టెక్కలి చేరేదాకా ఆ పిల్ల చేతులు ఒళ్ళో బోర్లించి, పైన తువ్వాలు కప్పుకుని కూర్చుంది. ఆసుపత్రిలో పదకొండు మంది ఆడపిల్లలు. లోపల డాక్టరు, హెడ్ సిస్టరు, మంచం మీద ఒక రోగి. గుమ్మానికి పరదా. నేను బయట బెంచీ మీద ఉన్నాను, పరదా పక్క సందులోంచి లోపల కనిపిస్తోంది.

భాను ఎంత బాగా చెప్పిందనీ! ఒక్క మాట తడబడలేదు. నాకు తెలిసిన ఇంగ్లీషు ముక్క వచ్చినప్పుడు నా పెదాలు కూడా కదిలాయి. అప్పుడు సిస్టరు, "గ్లౌజులు వేసుకుని ఈయనకి సెలైన్ సూది పెట్టు" అని మంచం మీద ఉన్న రోగిని చూపించింది.

గ్లౌజు ఒక వేలికి ఎక్కింది. రెండో వేలి దగ్గర పొక్కు చితికింది.

సిస్టరు గ్లౌజు తీసి చూసి వెనక్కి జరిగింది. డాక్టరు మాత్రం, "పోనీలే సిస్టర్, అమ్మాయి బాగా చెప్పింది. తగ్గాక పది రోజులకు రమ్మందాం" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మందు రాయడానికి కలం తీసి, "దేనివల్ల వచ్చిందమ్మా?" అని అడిగాడు.

"జీడి సార్. పులిపిరికి... నేనే పెట్టుకున్నాను."

కలం ఆగిపోయింది.

"నర్సింగు చదివి, నువ్వే పెట్టుకున్నావా? ఇలా కాల్చుకుని మా దగ్గరకు ఎంతమంది వస్తారో తెలుసా? వాళ్ళకి వద్దని చెప్పాల్సినదానివి నువ్వు." గొంతు పెంచలేదు. కలం మూత పెట్టి, తర్వాతి పేరు పిలవమన్నాడు.

నేను లేచి పరదా పట్టుకున్నాను. నేనే పెట్టాను బాబూ అని చెబుదామని. భాను నన్ను చూసి, వద్దని తల ఊపింది. ఆగిపోయాను. ఆ పిల్ల వద్దంది కాబట్టి ఆగానని అందరికీ చెబుతాను. అంతమంది ముందు మాట పడడానికి భయం వేసిందన్నది కూడా నిజమే.

ఉద్యోగం నందిగాం నుంచి వచ్చిన ఒక పిల్లకు వచ్చింది.

బస్టాండులో అడిగాను. "నా పేరు సెప్పీలేకపోయినావా? ముసిల్ది, తెలీక ఎట్టిందని అనుకుందురు."

"సెయ్యి సాపింది నాను కాదేటి మామ్మా? ఆయన సరిగ్గానే అన్నాడు."

"ఈ ఆస్పత్రి కాపోతే ఇంకోటి లేదేటే?"

భాను తువ్వాలు మళ్ళీ చేతుల మీద కప్పుకుంది. "నువ్వడిగితే నాను వొద్దనలేకపోయినాను. రేపు ఏ రోగి తల్లో వొచ్చి ఇలగే బతిమాలితే ఏటి సేత్తాను? ఆల్లు సెప్పిందే సేసేత్తాను. మనిసి సచ్చిపోతాడు."

పలాస బస్సు వచ్చింది, ఎక్కాం.

చేతులు మానడానికి నెల పట్టింది. ఈలోగా పలాస నుంచి ఒకటి, శ్రీకాకుళం నుంచి ఒకటి కార్డులు వచ్చాయి. భాను వెళ్ళలేదు. తిట్టాను, బతిమాలాను, రెండు పూటలు అన్నం మానేశాను. నా మీద కోపమైతే తిట్టవే అని కూడా అన్నాను. "నీ మీద కోపమేటి మామ్మా" అని కంచం తెచ్చి నా ముందు పెట్టింది. జూన్‌లో వాళ్ళమ్మతో పాటు బట్టీకి వెళ్ళింది.

మొన్న కొబ్బరికాయలు దింపే పోలారావు సూదిమందు చేత్తో పట్టుకుని వచ్చాడు. వాడికీ కిడ్నీ జబ్బే, చెట్టెక్కడం మానేసి ఏడాది దాటింది. భాను అప్పుడే బట్టీ నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"బానూ, ఈ సూది పొడిసీవే అమ్మా. డాక్టరు రాసిన సీటీ ఉంది."

చీటీ తీసుకుని చదివింది. మళ్ళీ పై నుంచి చదివింది. మడిచి వాడి చేతిలో పెట్టేసింది.

"నాకు రాదు మావా. ఇంకెవర్నైనా అడుగు."

"అదేటే, మూడేళ్ళు సదివినావు కదా!"

"మర్సిపోయినాను."

వాడు నా వైపు చూశాడు. ఊరి అవతల సూది వేసే డాక్టరు ఉన్నాడు, అక్కడికి వెళ్ళమన్నాను. అంత దూరం నడవాలంటే వాడు ముందు కాస్త ఓపిక తెచ్చుకోవాలి. మా అరుగు మీద కూర్చున్నాడు. భాను లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆయాసం తీరాక వాడు సూదిమందు జేబులో వేసుకుని, గోడ పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళాడు.