మగ్గం ఆగితే లేచే పిల్ల

"మా జమ్మికి మగ్గమే జోలపాట" అని రామేశ్వరమ్మ ఇంటికి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది. అత్త ఆ మాట అన్నప్పుడల్లా కోడలు యామిని రాట్నం తిప్పుతూ, కండెకు పట్టుదారం చుట్టుకుంటూ నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది? పది నెలల పిల్ల మగ్గానికి మూరెడు దూరంలో చీర ఉయ్యాలలో పడుకుని, తండ్రి రంజిత్ ఎంత గట్టిగా నేసినా కన్ను తెరిచేది కాదు. అదే రంజిత్ టీ తాగడానికి మగ్గం ఆపి లేచాడా, టక్కున లేచి ఏడుపు లంకించుకునేది. గద్వాలలో ఆ వీధి వీధంతా నేతగాళ్లదే. మగ్గం చప్పుడుకు లేవని పిల్లను చూసి అక్కడ ఎవరూ అనుమానపడరు. లేస్తేనే దిష్టి తీస్తారు.

అనుమానం యామినికి వచ్చింది. ఒకరోజు వంటింట్లో ఇత్తడి తాంబాళం చేయి జారి పిల్ల వెనకే పడింది. పక్కింటివాళ్లు తొంగిచూశారు గాని పిల్ల తల తిప్పలేదు. ఆ సంగతి అత్తకు చెబితే "కండెలు చుట్టకుంట తప్పించుకోనీకి గిదో సాకా?" అంది. మొగుడికి చెబితే "మగ్గం ఆగంగనే లేస్తది గద! చెవులు పనిచెయ్యకుంటే ఎట్ల లేస్తది?" అన్నాడు. ఆ మాటా నిజమే అనిపించినా, లోపల గుచ్చుకున్న ముల్లు మాత్రం కదల్లేదు. రంజిత్ నేసిన చీరలు ఇచ్చి రావడానికి కర్నూలు పోతుంటే పట్టుబట్టి పిల్లతో వెంట బయల్దేరింది. అతను ఆమెను దవాఖాన గేటు దగ్గర దించి తన పనిమీద పోయాడు.

అక్కడి డాక్టరమ్మ పిల్లను నిద్రపుచ్చి, తలకు సన్నటి తీగలు అతికించి, మిషన్‌లో గీతలు చాలాసేపు చూసింది. రెండు చెవులూ దాదాపు వినపడవని మెల్లగా చెప్పింది. తర్వాత అడిగింది. "కడుపుతో ఉన్నప్పుడు మూడో నెలలో జ్వరం వచ్చిందా? ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు?"

వచ్చింది. ఎందుకు రాలేదు? పెద్దమందడి నుంచి ఆడబిడ్డ వచ్చింది అప్పుడు. ఆమె కూతురికి ఒళ్లంతా ఎర్రగా పేలింది. "చిన్న తట్టు. అమ్మవారు. నువ్వే జర చూస్కో, దాని తల్లి అలిసొచ్చింది" అంది అత్త. యామినే వేపాకు నీళ్లు కాచి పోసింది, ఒళ్లో పడుకోబెట్టుకుంది, ఎంగిలి గిన్నెలు కడిగింది. రెండు వారాలకు తనకే జ్వరం తగిలింది. మెడకింద బిళ్లలు కట్టాయి, మొహమంతా ఎర్రబడింది. పెళ్లిళ్ల రోజులు, మగ్గం ఆగడానికి వీల్లేదు. "కూసోని కండెలు చుట్టేదానికి జ్వరమేంది? చెమటకాయలు గవి" అంది అత్త. మూడు రోజులు ఒళ్లు కాలుతుండగానే చుట్టింది.

"దాని పేరు రుబెల్లా" అంది డాక్టరమ్మ. "కంటికి కనపడని వైరస్. తల్లికి మూడు రోజుల్లో తగ్గిపోతుంది, కానీ కడుపులో బిడ్డకు అప్పుడే చెవులు తయారవుతుంటాయి. వాటిని దెబ్బతీస్తుంది. కళ్లూ గుండే బాగున్నాయి, అదే మేలు. మీ తప్పేం లేదమ్మా. పెళ్లికి ముందే ఒక టీకా వేయించి ఉంటే సరిపోయేది. మీకెవరూ చెప్పి ఉండరు."

యామినికి ఏడుపు రావాలి. ముందు వచ్చింది మాత్రం ఆశ్చర్యం, ఒళ్లు జలదరించేంత ఆశ్చర్యం. చెవులు తయారవుతున్నాయా? తను ముక్కుతూ మూలుగుతూ రాట్నం తిప్పుతున్న ఆ మూడు రోజుల్లోనే, తన లోపల, తనకే తెలియకుండా, శంఖం లాంటి ఇంత చిన్న చెవి చుట్టలు చుట్టుకుంటోందా? చేతులు ఒక పని చేస్తుంటే ఒళ్లు ఇంకో పని చేస్తోందన్నమాట. చేతుల పనికి ఆ ఇంట్లో పేరు లేదు; ఒంటి పని సంగతి తనకే తెలియదు. అంత సున్నితమైన పని మధ్యలోకి ఆవగింజలో వెయ్యోవంతు లేని పురుగు వచ్చి, ఎవరికీ చెప్పకుండా తన పని చేసుకుని పోయింది. కోపం ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియక పిల్ల చెవిని వేలితో నిమిరింది. మెత్తగా, వెచ్చగా, ఏ లోపం లేనట్టు ఉంది.

"కాని మేడం, మగ్గం ఆగంగనే లేస్తది. నా కండ్లతోని చూసిన."

"ఉయ్యాల ఎక్కడ కట్టారు?"

"మగ్గం తాళ్లు గట్టిన దూలానికే."

డాక్టరమ్మ పిల్ల వీపు నిమిరింది. "మగ్గం అదురు దూలంలోంచి ఉయ్యాలలోకి దిగుతోంది. ఈ పిల్ల ఒంటితో వింటోందమ్మా."

ఇంటికి రాగానే యామిని చంకలో పిల్లతో పీటెక్కి, రంజిత్ నేస్తుండగా దూలం మీద అరచెయ్యి పెట్టింది. దెబ్బ దెబ్బకూ కొయ్య లోపల ఏదో నడిచి వచ్చి అరచేతిని తాకింది. రెండేళ్లుగా ఈ ఇంట్లో ఆమెకు తెలిసిన మగ్గం ఉత్త చప్పుడే. ఎవరూ నేర్పకుండానే, ఉయ్యాలలో పడుకుని, పది నెలల పిల్ల ఇదంతా వింటూ వచ్చింది! కడుపులో ఉన్నప్పుడు కూడా, మగ్గం పక్కన తను కూర్చున్న నేలలోంచి వినే ఉంటుంది. ఆమెకు కళ్లనీళ్లు అప్పుడు వచ్చాయి, దేవత ఎదుట నిలబడితే వచ్చినట్టు. పిల్ల చేతిని కూడా దూలానికి ఆనించింది. జమ్మి బోసినోటితో నవ్వింది.

పిల్లకు వినపడదన్న సంగతీ, డాక్టరమ్మ చెప్పిన మిగతా మాటా ఆ సాయంత్రం అన్నం దగ్గర చెప్పింది. చెవులకు మిషన్లు పెట్టించాలి. వారానికొకసారి, మంగళవారం, తల్లీబిడ్డ కర్నూలు పోయి మాట నేర్చుకోవాలి. ఇప్పుడే మొదలుపెట్టాలి. ఆలస్యమయ్యేకొద్దీ పిల్లకు మాట రావడం కష్టం.

"మా ఇంట్ల చెవిటోళ్లు లేరు. మీ దిక్కు నుంచే వచ్చింటది" అంది రామేశ్వరమ్మ.

"మీ బిడ్డ కూతురికి వేపాకు నీళ్లు పోసిన గద అత్తమ్మా, ఆ తట్టు నుంచి వచ్చింది."

ముసలామె ముద్ద కలపడం ఆపింది.

రంజిత్ మాత్రం పళ్లెం పక్కకు నెట్టాడు. "వారం వారం కర్నూలా? కండెలెవరు చుట్టాలె? నువ్వు లేకుంటే మగ్గం ఆగుతది!"

యామిని అతని మొహంలోకి చూసింది. రెండేళ్లుగా "నేను నేస్తుంట, ఆమె ఇంట్లనే ఉంటది" అని చుట్టాలందరికీ చెప్పిన మనిషి ఇతనే. నువ్వు లేకుంటే ఆగుతది. ఆ మాట అతని నోట వినడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆమె లేచి, మంగళవారానికి పిల్ల బట్టలు రెండు జతలు మడిచి సంచిలో పెట్టింది.

"ఆగనీ" అంది. "మగ్గం ఆగితేనే నా బిడ్డ కండ్లు తెరుస్తది."